గొంతు పెంచకూడని చోటు

నవంబరు తొమ్మిది, శనివారం. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో తిన్నది నిన్నటి రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఒక పచ్చి ఉల్లిపాయ. తర్వాత ఎప్పుడు ఆ తేదీ తలపుకొచ్చినా పెద్దకోడలికి ముందు గుర్తొచ్చేది ఆ ఉల్లిపాయ ఘాటే. తిన్నది కూడా ఆమె ఒక్కతే, వంటింటి గుమ్మంలో నిలబడి. భర్త కంచం ముట్టుకోలేదు. హాలు మధ్యలో నేల మీద కూర్చుని, ఆమె సర్దుకున్న సూట్‌కేసు విప్పుతున్నాడు.

"ఐదు రోజుల ప్రయాణానికి చలికోటు. సరే. రెండు స్వెటర్లు. సరే. కుట్టుపెట్టె. అదీ సరే అనుకుందాం" అన్నాడు. అడుగున ఉన్నదాన్ని మూల పట్టుకుని పైకెత్తాడు. "తలగడ ఎందుకు?"

"కొత్త తలగడ మీద నాకు నిద్ర పట్టదు."

"పోయినేడు మీ అన్నయ్య ఇంట్లో పట్టిందే."

"పట్టలేదు. మీరు అడగలేదు."

అత్తగారు పోయి చాలా ఏళ్ళయినా ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ ఆమె ఇంకా పెద్దకోడలే. అలాగే ఆయన ఎంత పెద్ద మందుల షాపు నడుపుతున్నా, కుర్రతనంలో ఒక డాక్టరు దగ్గర చేసిన ఉద్యోగం పేరే మిగిలిపోయింది. అందరికీ ఆయన కాంపౌండరు గారు.

కాంపౌండరు తలగడని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు తిరిగి రావడం లేదు" అన్నాడు. అడిగినట్టు కాదు, డాక్టరు రాసిచ్చిన చీటీ చదివినట్టు.

పెద్దకోడలు కంచం కడగడానికి లోపలికి వెళ్ళింది.

"దాని దగ్గరికేగా? ఆ బేకరీ మనిషి దగ్గరికేగా?" ఆయన గొంతు వంటింటి గోడలకి తగిలి తిరిగొచ్చింది. "ఊరు చూద్దాం, హోటల్లో దిగుదాం అని నన్ను మభ్యపెట్టి, అక్కడికి చేరాక దాని గుమ్మంలో దిగబడదామని."

బేకరీ మనిషంటే చిన్నకోడలు. కాంపౌండరు తమ్ముడి భార్య. తమ్ముడు పోయి నాలుగేళ్ళు. అన్నదమ్ములకి చెడింది అంతకు చాలా ముందే. అప్పట్నుంచీ ఆవిడ ఊసు ఆ ఇంట్లో ఎత్తడానికి లేదు. అలాంటిది గత వారం ఫోన్ చేసింది, మణికట్టు విరిగింది అక్కా, పిండి కలపలేకపోతున్నాను అని. దాంతో పాటే ఇంకో మాట కూడా చెప్పింది. ఆ మాటని పెద్దకోడలు వారం రోజులుగా నాలుక కింద దాచుకుని తిరుగుతోంది.

వీధి తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చింది, నీలం యూనిఫాం, మెడలో ఐడీ కార్డు. సాయంత్రం షిఫ్టుకి వెళ్తూ వాళ్ళని కూడా విమానాశ్రయంలో దింపుతానంది. నేల మీద పరిచి ఉన్న బట్టలు చూసింది, తండ్రి ఒళ్ళో తలగడ చూసింది.

"టాక్సీ కింద ఉంది నాన్నా" అంది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

కాంపౌండరు లేచాడు. తలగడని సోఫాలోకి విసిరాడు. అప్పుడే వెళ్ళనని మొండికేసి ఉంటే ఆ రోజు కథ వేరేలా నడిచేది. కానీ ఫస్ట్ క్లాసులో వెళ్తున్నానని ఆయన షాపుకొచ్చిన ప్రతి దగ్గువాడికీ చెప్పి ఉన్నాడు. పక్క వీధి డెంటిస్టుకయితే రెండుసార్లు చెప్పాడు.

"వెళ్దాం. ఐదు రోజులూ హోటల్లో ఉందాం. ఆరో రోజు నాతో పాటే వస్తావు. ఎలా రావో నేనూ చూస్తాను" అన్నాడు.

పెద్దకోడలు మిగతా బట్టలు మళ్ళీ సర్దుకుంది. తలగడ జోలికి పోలేదు.

టాక్సీలో కూతురు ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"పదేళ్ళ సర్వీసు నిండిందని నాకు కంపెనీ ఇచ్చిన పాస్ ఇది. మీకిద్దరికీ ఫస్ట్ క్లాసు. కానీ ఖాళీ ఉంటేనే సీటు. అప్పటిదాకా లౌంజ్‌లో కూర్చోవచ్చు. పాస్ మీద వచ్చామని ఎవరికీ చెప్పకూడదు. సీటు రాకపోతే పేచీ పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గొంతు పెంచకూడదు. పాస్ మీద వచ్చినవాళ్ళు గొడవ చేశారని ఒక్క ఫిర్యాదు వచ్చినా నా ఫైల్లోకి ఎక్కుతుంది. వచ్చే నెల నా ప్రమోషన్ ఇంటర్వ్యూ."

"నేనెప్పుడు గొంతు పెంచాను?" అన్నాడు కాంపౌండరు.

డ్రైవరు అద్దంలోంచి చూసి, రేడియో వాల్యూమ్ ఎక్కువైందేమోనని తగ్గించాడు.

"ఇంకోటి. ఈ సాయంత్రం డ్యూటీ సూపర్‌వైజర్ని నేనే. కానీ సొంతవాళ్ళ సీట్ల విషయంలో నేను వేలు పెట్టడానికి వీల్లేదు. గేటు దగ్గర నేను కనపడినా పలకరించకండి. నేనూ పలకరించను" అంది కూతురు.

"ఇంట్లో మాత్రం పలకరిస్తున్నావా ఏం?" అన్నాడు తండ్రి.

కూతురు ముందుకి తిరిగి కూర్చుంది.

*

లౌంజ్ తలుపు దాటగానే బయటి గోలంతా ఎవరో స్విచ్చి నొక్కినట్టు ఆగిపోయింది. కాళ్ళ కింద తివాచీ ఎంత మందంగా ఉందంటే, పెద్దకోడలికి తన అడుగుల చప్పుడు తనకే వినపడలేదు. లోపల మనుషులున్నారు, గ్లాసులున్నాయి, ప్లేట్లున్నాయి. కానీ ఏదీ దేనికీ తగలడం లేదు.

"దయచేయండి. ఇక్కడ ప్రకటనలు ఉండవు. మీ సీటు సంగతి తెలియగానే నేనే వచ్చి చెబుతాను. ఈలోగా భోజనం, స్నానం, విశ్రాంతి, ఏది కావాలన్నా అడగండి" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"స్నానం కూడానా?" అన్నాడు కాంపౌండరు. గొంతు దానంతటదే తగ్గిపోయింది.

ముందు ఆయన స్నానం చేసి వచ్చాడు. ఇంటి నుంచి స్నానం చేసే బయల్దేరిన మనిషి. జుట్టు తడి తడిగా దువ్వుకుని, ఎవరిదో ఖరీదైన సబ్బు వాసనతో వచ్చి, "తువ్వాళ్ళు వెచ్చబెట్టి ఇస్తున్నారు" అని భార్య చెవిలో చెప్పాడు. తాను ఆమె మీద కోపంగా ఉన్నానన్న సంగతి ఆ ఒక్క క్షణం మర్చిపోయాడు. గుర్తురాగానే మొహం మళ్ళీ బిగించుకున్నాడు.

తర్వాత తిండి. సూపు, కాల్చిన చేప, నాలుగైదు రకాల జున్ను, తేనె రాసిన రొట్టెముక్కలు, పేరు తెలియని పళ్ళు. ప్లేటు పట్టుకుని ఆ బల్లల మధ్య తిరుగుతున్న ఆయన్ని చూస్తుంటే, ఎవరో తన కోసమే ఇదంతా ఏర్పాటు చేసి, రావడం ఆలస్యమైందేమిటని అడుగుతున్నట్టుంది. జున్ను ముక్క కోస్తూ పక్కనున్నాయనతో, ఇది ఎక్కువ తింటే కొవ్వండీ అని చెప్పి, తాను రెండు వేసుకున్నాడు.

పెద్దకోడలు కిటికీ పక్కన తోలు కుర్చీలో కూర్చుంది. కింద దీపాల వరస, దూరంగా తోకలెత్తుకుని నిలబడ్డ విమానాలు. కుర్చీ లోతుగా ఉండి ఆమె కాళ్ళు నేలకి అందలేదు. టీ తెచ్చిన అమ్మాయి అది గమనించి, ఏమీ అనకుండా చిన్న పీట ఒకటి తెచ్చి కాళ్ళ కింద పెట్టి వెళ్ళింది. ఆ పీట మీద పాదాలు ఆనగానే, పొద్దుట్నుంచీ బిగుసుకుపోయిన నడుములో ఏదో ఒక ముడి సడలింది. ఈ కాస్త చాలు అనుకుంది. ఎవరూ పిలవకుండా ఒక టీ.

కాంపౌండరు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. న్యాప్‌కిన్ మెడలో దోపుకున్నాడు. పెదవులు రెండు వైపులా లాగి నవ్వు పెట్టుకున్నాడు.

"నవ్వుతూ మాట్లాడు. జనం చూస్తారు" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"నేను నవ్వుతూనే ఉన్నాను. మీకే, పళ్ళు కనపడుతున్నాయి గానీ నవ్వు కనపడ్డం లేదు."

"ఆ బేకరీలో నువ్వేం ఊడపొడుస్తావు?"

"పిండి కలుపుతాను."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులో మీ షాపులో అట్టపెట్టెలు మొయ్యడం లేదూ? పిండి వాటికన్నా మెత్తన."

ఆయన చేపముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. బాగుందన్న సంగతి మొహంలోకి రాకుండా జాగ్రత్తపడ్డాడు.

"ఆ ఊళ్ళో పిండి కలిపే మనుషులే కరువైపోయారా? నువ్వే కావాలా?"

"మనుషులున్నారు. నన్ను రమ్మంది."

"ఇన్నేళ్ళూ నువ్వు గుర్తు రాలేదు. చెయ్యి విరగ్గానే గుర్తొచ్చావు."

"గుర్తొచ్చాను. నాలుగేళ్ళ కిందట కూడా ఫోన్ చేసింది" అంది పెద్దకోడలు. టీ కప్పు సాసర్లో పెట్టింది, చప్పుడు కాకుండా. "ఫోన్ మీరు తీశారు."

నాలుక కింద వారం రోజులుగా దాచుకున్న మాట అలా బయటపడింది. అరిస్తే ఎలా ఉండేదో గానీ, అంత మెల్లగా, నవ్వు మొహంతో అనేసరికి, కాంపౌండరు చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే టీ అమ్మాయి వచ్చింది. "సార్, ఇంకొంచెం సూప్ తెమ్మంటారా?"

"తీసుకురామ్మా" అన్నాడు ఆయన.

అమ్మాయి వెళ్ళేదాకా ఇద్దరూ నవ్వుతూ కూర్చున్నారు.

"షాపు ఫోన్‌కి చేసింది, ఇంటి ఫోన్ మీరు తీయించేశారు గనక. మీ తమ్ముడు ఈ రాత్రి దాటడు బావగారూ, అక్కని ఒక్కసారి పంపించండి అంది. మీరు సరే అన్నారు. సరే అని ఇంటికొచ్చి, నేను పెట్టింది తిని, పడుకున్నారు" అంది పెద్దకోడలు.

"వాడు పోతాడని నేను కలగన్నానా?"

"కలగనక్కర్లేదు. చెప్పిందిగా."

"ఎన్నిసార్లు చెప్పలేదు అలా. ప్రతి చలికాలం పోతున్నాడనే చెప్పేది."

"మీతో మాటలే లేవుగా. ప్రతి చలికాలం మీకెలా తెలిసింది?"

కాంపౌండరు న్యాప్‌కిన్ మెడలోంచి లాగి మడతపెట్టాడు. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాడు. చిల్లర దగ్గర తగాదాలొచ్చినప్పుడు షాపులో మందు కాగితాలు ఇలాగే మడుస్తుంటాడు.

"వాడు నన్నేమన్నాడో తెలుసుగా నీకు" అన్నాడు. గొంతు రాయి మీద కత్తి నూరినట్టుంది, అయినా లేవలేదు. "నా షాపులో, నా కౌంటర్ ముందు, జనం నిండా ఉండగా. గడువు దాటిన మందు అమ్ముతున్నానన్నాడు. నేను చదివించిన వెధవ."

"అమ్మలేదా?"

"ఏమన్నావ్?"

"అమ్మలేదా అని అడిగాను."

ఆయన న్యాప్‌కిన్ ఇంకో మడత వేశాడు. "ఒక్క పెట్టె. చూసుకోలేదు" అన్నాడు.

"ఆ మాట అప్పుడే వాడితో అని ఉంటే అన్నదమ్ములు అన్నదమ్ముల్లా ఉండేవారు" అంది పెద్దకోడలు. "మీరు చదివించారు, నిజమే. పొద్దున్నే లేపి, తల దువ్వి, బడికి పంపింది నేను. నేను కాపురానికొచ్చేసరికి వాడికి షూ లేసు కట్టుకోవడం రాదు. ఆ ఫోన్ సంగతి నాకు చెప్పి ఉండాల్సింది."

పక్క సోఫాలో ముత్యాల దండ వేసుకున్న ఒక పెద్దావిడ ఎప్పట్నుంచో వీళ్ళ వైపే చూస్తోంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని, నవ్వుతూ, గుసగుసగా మాట్లాడుకోవడం ఆవిడకి ముచ్చటేసినట్టుంది.

"ఏమీ అనుకోకండి, పెళ్ళిరోజా ఇవాళ?" అంది.

"అవునండీ" అన్నాడు కాంపౌండరు వెంటనే.

"చూడగానే అనుకున్నాను. మా ఆయనైతే లౌంజ్‌లోకి రాగానే నిద్రపోతాడు. ఇంత మాట్లాడుకునే జంటలు ఎక్కడున్నారండీ ఈ రోజుల్లో."

"ఇంట్లో తీరికుండదండీ. అందుకని ఇక్కడ మాట్లాడుకుంటున్నాం" అంది పెద్దకోడలు.

ఆవిడ మురిసిపోయి మళ్ళీ పత్రికలోకి వెళ్ళింది. కాంపౌండరు సూపు చల్లారిపోయింది. అమ్మాయి ఎప్పుడో తెచ్చి పెట్టింది, ఎవరూ చూడలేదు.

"నిన్ను దాని గుమ్మం తొక్కనివ్వను" అన్నాడు ఆయన, ముత్యాల ఆవిడ వైపు చిరునవ్వుతో తలూపుతూ. "ఇక్కడ నోరు మూసుకున్నానని లోకువ కట్టకు. అమ్మాయి ఉద్యోగం కోసం ఊరుకున్నాను."

"నేనూ అందుకే ఊరుకున్నాను. లేకపోతే ఆ వెచ్చని తువ్వాలు మీ మొహాన కొట్టేదాన్ని."

కౌంటర్ అమ్మాయి మెత్తగా నడుచుకుంటూ వచ్చి వంగింది. "మీ ఇద్దర్నీ గేటు దగ్గరికి రమ్మంటున్నారు."

*

గేటు దగ్గర జనం చాలావరకు ఎక్కేశారు. కౌంటర్ వెనక సన్నటి మీసం కుర్రాడు తెర మీద ఏదో చూసి, ఇద్దరి మొహాలూ చూసి, నొచ్చుకున్నట్టు మాట్లాడాడు.

"ఫస్ట్ క్లాసులో ఒక్క సీటే మిగిలిందండీ. వెనక తరగతులు నిండిపోయాయి. మీలో ఒకరు ఇప్పుడు వెళ్ళొచ్చు. లేదంటే ఇద్దరూ ఆగి, రేపు సాయంత్రం మళ్ళీ ప్రయత్నించొచ్చు. ఎలా చేద్దాం?"

"ఆగుతాం" అన్నాడు కాంపౌండరు.

"నేను వెళ్తాను" అంది పెద్దకోడలు.

రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి. కుర్రాడు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ వైపు చూశాడు.

"వెళ్తానని ఒకరు అడిగితే ఇవ్వాలండీ మేము. మేడమ్ వెళ్తానంటున్నారు కదా" అన్నాడు.

పెద్దకోడలు సంచి భుజానికి తగిలించుకుంది. ఇల్లు దాటి, టాక్సీ దాటి, ఆ మెత్తటి గది దాటి ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఇంటి మూడంతస్తులు ఎక్కితే, మళ్ళీ దిగనని ఆమెకి తెలుసు. రేపు ఏదో ఒక వంక ఉంటుంది. ఎల్లుండి ఆయనకి జ్వరం వస్తుంది. చిన్నకోడలు ఇంకొకర్ని చూసుకుంటుంది.

కాంపౌండరు కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి, షాపులో ఖాతాదారుతో మాట్లాడేటప్పటి తీయటి గొంతు తీశాడు.

"ఆవిడ అలాగే అంటుంది బాబూ. గుండెజబ్బు మనిషి. ఒంటరిగా పంపితే దారిలో ఏమన్నా అయితే మీదే పూచీ. నేను మందుల లైన్లో మనిషిని, తెలిసే చెబుతున్నాను."

పెద్దకోడలు ఆయన వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో చాలా విన్నది గానీ, లేని జబ్బు అంటగట్టడం ఇదే మొదలు.

కుర్రాడి చేతులు మీటల మీద ఆగిపోయాయి. ఆయన ఆశించింది అదే. సీటు ఇంకొకరికి పోతుంది, గొంతు పెంచకుండానే పని జరిగిపోతుంది. ఆ తృప్తి ఆయన భుజాల్లో కనిపించింది.

"ఆరోగ్యం విషయమైతే నేను తేల్చకూడదండీ" అన్నాడు కుర్రాడు, ఫోన్ తీస్తూ. "డ్యూటీ సూపర్‌వైజర్ గారు వచ్చి చూడాల్సిందే."

ఆ డ్యూటీ సూపర్‌వైజర్ ఎవరో కాంపౌండరుకి అప్పుడు గుర్తొచ్చింది. మోచేతులు కౌంటర్ మీంచి వాటంతటవే కిందికి దిగాయి.

కూతురు దూరంగా స్తంభం పక్కన నిలబడి ఉంది. అంతసేపూ ఇటు చూడకుండా నిలబడింది. సీటు గొడవైతే ఆమె అక్కడే ఉండిపోయేది, ఉండాలి కూడా. ఇప్పుడు పిలుపొచ్చింది. వచ్చింది.

"వీళ్ళు మా అమ్మా నాన్నా" అంది ముందు ఆ కుర్రాడితో. "ఈ షిఫ్టులో ఇంకో సూపర్‌వైజర్ లేరు గనక నేనే అడగాలి. నువ్విక్కడే ఉండి విను. రేపు ఎవరైనా అడిగితే విన్నది విన్నట్టు చెప్పు."

తర్వాత తల్లి వైపు తిరిగింది. మొహంలో ఏమీ లేదు. రోజూ వందమందికి చూపించే మొహం అది.

"మేడమ్, మీకు గుండెకి సంబంధించిన అనారోగ్యం ఏమైనా ఉందా?"

తన కూతురు తనని మేడమ్ అంటుంటే పెద్దకోడలు సంచి పట్టీ సరిచేసుకుంది.

"లేదు మేడమ్."

"రోజూ మందులేమైనా వాడుతున్నారా?"

"రక్తపోటుకి ఒక మాత్ర. సంచిలో ఉంది."

"ఈ మధ్య ఆసుపత్రిలో చేరారా?"

"నిన్ను కన్నప్పుడు చేరాను. మళ్ళీ చేరలేదు" అంది. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. మీసం కుర్రాడు తెరలోకి మొహం దాచుకున్నాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు పాడై ఏడాదైంది. సరుకులు నేనే మోస్తాను. వీరికి మోకాళ్ళు నొప్పి."

"ప్రయాణంలో మీకు తోడు అవసరమా?"

అంత తేలికైన ప్రశ్న పెద్దకోడల్నెవరూ ఇంతవరకు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోలేదు కూడా.

"అక్కర్లేదు" అంది.

కూతురు తండ్రి వైపు తిరిగింది. "సార్, ఆవిడ ప్రయాణం చెయ్యడానికి అభ్యంతరం ఏమీ లేదు."

"నేను నీ తండ్రిని" అన్నాడు కాంపౌండరు. పళ్ళ మధ్యనుంచి, ఊపిరితో.

"అవును సార్. అందుకే నెమ్మదిగా చెబుతున్నాను."

కాంపౌండరు చుట్టూ చూశాడు. మిగిలిన ప్రయాణికులు నలుగురూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్క కేక వేస్తే చాలు, అందరూ తలలెత్తుతారు. ఆ కేక ఆయన గొంతుదాకా వచ్చిన సంగతి పెద్దకోడలికి తెలిసింది. మెడ మీద నరం ఉబ్బింది. ఆయన కూతురి ఐడీ కార్డు వంక చూశాడు, దాని మీది ఫోటో వంక. నరం మెల్లగా దిగిపోయింది.

ఆ ఒక్కదానికీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంది పెద్దకోడలు.

బోర్డింగ్ కార్డు కూతురే అందించింది. అందిస్తూ తల్లి కోటు కాలరు మడత సరిచేసింది. అది మాత్రం డ్యూటీలో లేదు.

"వెళ్ళు" అన్నాడు కాంపౌండరు వెనకనుంచి. "నాలుగు రోజులు పిండి పిసికితే తెలిసొస్తుంది."

ఆమె వెనక్కి తిరగలేదు.

*

విమానంలో ఆమెకిచ్చింది సీటు కాదు, చిన్న గది. భుజాల ఎత్తు గోడలు, పక్కన బల్ల, దాని మీద దీపం, కాళ్ళు చాపుకోవడానికి చోటు. నెరిసిన జుట్టు ఎయిర్‌హోస్టెస్ ఒకావిడ కోటు తీసుకుని తగిలించింది. వేడి గుడ్డ ఇచ్చింది. పెద్దకోడలు దాన్ని మొహం మీద కప్పుకుని, లోపల కాస్త ఏడ్చి, తీసేసింది. ఆవిడ చూసీ చూడనట్టు ఇంకొకటి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఇక వాకిలి మూసేస్తారనగా, ఎవరో రొప్పుతూ లోపలికి వచ్చారు. ఆ రొప్పు ఆమెకి తెలుసు.

"ఎవరో వేరే విమానంలోంచి రావాల్సినాయన రాలేదుట" అన్నాడు కాంపౌండరు, ఎవరితోనో తెలియకుండా. ఎయిర్‌హోస్టెస్ ఆయన్ని నడవకి అవతల, సరిగ్గా పెద్దకోడలికి ఎదురు వరసలో కూర్చోబెట్టింది.

విమానం లేచింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి చూశారు. భోజనం వచ్చింది, తెల్ల గుడ్డ పరిచి, ఒక్కొక్కటీ వేడివేడిగా. పెద్దకోడలు ఉల్లిపాయ తర్వాత ఏమీ తినలేదు. అంతా తింది, చివర ఇచ్చిన పండుతో సహా. అవతల ఆయన ప్లేటు వచ్చినట్టే తిరిగి వెళ్ళడం కనపడింది. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్న భోజనం అది.

దీపాలు తగ్గించారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పక్కలు వేయించుకుని, తమ గదుల తలుపులు జరుపుకుంటున్నారు. పెద్దకోడలు కూడా మాత్ర వేసుకుని, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది.

కాంపౌండరు వచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చెయ్యి తలుపు చట్రం మీద వేశాడు.

"ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది అదొక్కతే కాదు" అన్నాడు. "ఫోన్ వాడికీ ఇచ్చింది."

పెద్దకోడలు దుప్పటి పట్టుకున్న చెయ్యి కదలలేదు.

"మాట్లాడాడు. రెండు ముక్కలు. నన్నేమీ అనలేదు. వదినకో మాట చెప్పన్నయ్యా అన్నాడు."

ఇంజన్ల హోరు ఎక్కడో కింద, మెత్తగా. ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. అబద్ధమాడేటప్పుడు ఆయన కుడి కన్ను చిట్లిస్తాడు. ఇప్పుడు చిట్లించడం లేదు.

"ఏమన్నాడు?" అంది.

"హోటల్లో ఐదు రోజులుండి, నాతో తిరిగొస్తానను. చెబుతాను."

నాలుగేళ్ళు తన పక్కనే పడుకుని ఆ మాటని దాచుకున్నాడు. ఇప్పుడు కూడా ఇవ్వడానికి రాలేదు. షాపులో మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టినట్టు, ఇంతకి ఇంత అని కడుతున్నాడు. షూ లేసు కట్టమని కాళ్ళు చాపిన పిల్లాడు ఆమె కళ్ళ ముందు మెదిలాడు. వాడు తనకోసం అన్న మాట, చేతికి అందేంత దూరంలో, ఈ మనిషి నోట్లో ఉంది. చెప్పండి అని అడిగెయ్యాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంది. సరేనంటే ఎంత, ఐదు రోజులు. ఆ తర్వాత బతికున్నంతకాలం.

"రేపు చిన్నకోడలి ఇంటికొచ్చి చెప్పండి" అంది. "ఇద్దరం కూర్చుని వింటాం."

"నేను ఆ గుమ్మం తొక్కను."

"అయితే మీ దగ్గరే ఉంచుకోండి."

"తర్వాత ఏడుస్తావు."

"ఏడుస్తాను" అంది పెద్దకోడలు. "చెయ్యి తియ్యండి."

ఆయన తియ్యలేదు. చట్రం మీద వేళ్ళు అలాగే ఉన్నాయి, మాత్రలు లెక్కపెట్టీ పెట్టీ కొసలు నున్నబడ్డ వేళ్ళు. ఆమె తొందరపెట్టలేదు. తలుపు అంచు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. అవి పూర్తిగా తప్పుకున్నాయని చూసుకుని, నలగవని చూసుకుని, పెద్దకోడలు తలుపుని చప్పుడు కాకుండా జరిపి మూసేసింది.